అతుక్కు జరీ చుట్టినాయనకు

ఏమయ్యా, ఇంట్లో కాలు పెట్టకముందే ఇది చదువు. నువ్వు ఫ్యానుకు నేల మీద లాగిన తీగ ముట్టుకోవద్దు. వాకిలి పక్కనుండే పెద్ద స్విచ్చి నేనే ఆర్పినా, అట్లే ఉండనీ. కరెంటు పని తెలిసినాయన్ని పిల్చుకొచ్చి ఆ తీగ అతుకు తీపించు.

అతుక్కు చుట్టేకి ఏమీ దొరకలేదని జరీ పోగులు చుడతారా ఎవరైనా? జరీలో ఉండేది వెండి గదా. పదేండ్లుగా మగ్గంలో కూర్చున్నోనివి, నీకు నేను చెప్పాల్నా? పొద్దున మీయమ్మ తడిగుడ్డతో నేల తుడుస్తా దాన్ని తాకి, ఎగిరి గోడ కాడ పడింది. ఏం కాలేదులే. ఒళ్లు జుమ్మనేసరికి అమ్మవారు పూనిందనుకొని, మంచమెక్కి పక్కింటి కుళ్ళాయమ్మకు మగబిడ్డ పుడతాడని చెప్తాండాది. కరెంటమ్మా అంటే నా నోరు మూయిస్తాండాది.

నువ్వు నవ్వుకుంటావు. నాకు నవ్వు రాలేదు. పాప నిన్నటి నుంచి అంబాడుతాండాది, మెరిసేదంతా నోట్లో పెట్టుకుంటాది. అందుకే దాన్నెత్తుకొని కనగానపల్లికి, మా నాయన ఇంటికి పోతాండా. అతుకు తీసినాక వచ్చి పిల్చుకపో. అన్నం ఉట్టిలో ఉండాది.

ఇంకోటి. పనాయన రాలేదని నువ్వే విప్పేకి పోవద్దు. నీతో కొట్లాడేది నాకింకా చానా ఉండాది.