చిక్కగా పొయ్యండప్పా

పత్తికొండ,
11-4-1957, గురువారం.

కమలాపురంలో ఉండే ఓబులేసన్న గారికి,

మీ చెల్లెలి వంటి ఈరక్క నమస్కరించి రాసుకునే ఉత్తరం. అక్కడ మీరు, వదిన, పిల్లలు శ్రీశైల మల్లన్న దయవల్ల ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము కూడా క్షేమం అని రాయడం మర్యాద. ఈసారి ఆ మర్యాద పాటించలేను.

ఐదేండ్ల తర్వాత ఈ ఇంటినుంచి మీకు ఉత్తరం వస్తున్నది. కవరు మీద నా చేతిరాత ఉంది కాబట్టి విప్పి ఉంటారు. ఆయన పేరు ఉంటే పొయ్యిలో వేసి ఉండేవారు. వేసినా మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేరు.

మొన్న కార్తీకం చివర మీ స్నేహితుడు అంగడిలో ఒకామెకు రవికెగుడ్డ కొలుస్తూ కొలుస్తూ గజంబద్ద మీదికే ఒరిగిపోయినారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో ఇరవైరెండు రోజులు ఉన్నాము. ఇక చేసేదేమీ లేదు, ఇంట్లో పెట్టుకుని చూసుకోమని పంపించినారు. గొంతులో అడ్డం పడకుండా పలుచని గంజి మాత్రమే ఇవ్వమన్నారు. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. అది "చిక్కగా" అన్న మాట. నీళ్ళు కావాలన్నా అదే, పక్కకు తిప్పమన్నా అదే.

ఆ మాట ఎక్కడిదో మీకు నేను చెప్పనక్కర లేదు. నందన సంవత్సరం కరువులో మన అంగడి ముందర గంజికొట్టం పెట్టినప్పుడు, వరస పక్కన నిలబడి పొద్దస్తమానం "చిక్కగా పొయ్యండప్పా, చిక్కగా" అని అరిచేవారు కదా. చూడవచ్చినవాళ్ళు ఆ మాట విని ఏడ్చేవాళ్ళు. "మాటలన్నీ పోయినా మా అప్పకు మా ఆకలి మాత్రం గుర్తుండాది సూడక్కా" అనేవాళ్ళు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేదాన్ని.

ఆసుపత్రినుంచి వచ్చినప్పటినుంచి నిన్నటి దాకా నాలుగు వందల పదమూడు మంది వచ్చినారు. రోజూ ఎంతమంది వచ్చిందీ కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. ప్రతి ఒక్కరి దగ్గరా ఆయన గురించి ఒక సంగతి ఉంటుంది. ఒకామె, తన పెండ్లి చీరకు నాలుగు వేళ్ళ కొసరు వదిలి చించినారని, ఆ కొసరుతోనే బిడ్డకు టోపీ కుట్టినానని చెప్పింది. దూదేకుల వీధి ముసలాయన, పీర్ల పండగకు ఏటా గుడ్డ పంపేవాడమ్మా, పైసా ముట్టేవాడు కాదు అన్నాడు. ఎవరింట్లో చావు జరిగినా కులం అడగకుండా తెల్లగుడ్డ పంపే మనిషికి, ఇప్పుడు ఆ గుడ్డ ఎవరు చించాలి అని ఒకరు నా ముందరే అనేసినారు. వచ్చినవాళ్ళలో ఎవరికీ ఆయన బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఆదోని నుంచి ఊరూరా తిరిగిన రోజులు తెలియవు. ఆ మూటకు రెండో కొస పట్టుకున్నది మీరు.

హైస్కూలు కొత్త గదులకు ఆయన పేరు పెడతామని కమిటీవాళ్ళు వచ్చినారు. బతికున్న మనిషికి పెడతారా అని నేను అడిగితే అందరూ నేల చూసినారు.

అసలు సంగతికి వస్తాను. పోయిన శుక్రవారం నుంచి ఆయన తినడం లేదు. ఇది ఏడో రోజు. గంజి, పాలు, చెరుకురసం ఏది పెట్టినా పండ్లు బిగించుకుంటారు. గుడ్డ తడిపి పెదాల మీద పిండితే లోపలికి పోయిన నీళ్ళే ఆధారం. మిషన్ ఆసుపత్రి నర్సమ్మ విశ్వాసమ్మ రోజూ వచ్చి చూస్తున్నది. మొదటి రెండు రోజులు గొంతు పట్టుకున్నదేమో అనుకున్నది. నిన్న నన్ను పెరట్లోకి పిలిచి, "గొంతు బాగుండాదక్కా. మింగలేక కాదు, మింగకూడదని పట్టు పట్టినాడు. ఏం జరిగింది ఇంట్లో?" అని అడిగింది. ఏమీ జరగలేదని చెప్పినాను.

పొద్దున లేచింది మొదలు వాకిలి వైపే చూస్తారు. మొన్న అంగడి అయ్యన్న మామ వచ్చి, నవ్విద్దామని, "ఏమప్పా బసవన్నా, పెండ్లికొడుకు మాదిరి అలిగినావు? నీకంటే ఆ పుచ్చుజొన్న ఓబులేసే నయం. ఎంత కొట్లాడినా కూటి మీద అలగలేదు" అన్నాడు. మీ పేరు చెవిన పడగానే ఆయన ఎడమచెయ్యి లేచింది. మంచం పక్కనున్న ఇత్తడి గిన్నెను తోసేసినారు. గంజంతా మామ పంచె మీద పడింది. ఇంకా ఆ కోపం పోలేదా అని మామ గాబరాపడి వెళ్ళిపోయినాడు. అది మీ మీద కోపం కాదు. కంటివెంట నీళ్ళు కారుతుంటే నేను తుడిచినాను. తల పక్కకు తిప్పుకున్నారు.

ఊరు మిమ్మల్ని ఇంకా ఆ పేరుతోనే అంటున్నదని రాసినందుకు క్షమించండి. దాచితే ఇంకో తప్పు అవుతుంది.

మీరు ఒక్కసారి రావాలి. గుత్తి దాకా రైల్లో వస్తే అక్కడినుంచి పొద్దున ఒక బస్సు, మధ్యాహ్నం ఒక బస్సు ఉన్నాయి. మీ చేత్తో ఒక గుక్క పోస్తే మింగుతారని నాకు ఆశ. ఆశ అని రాసినాను గాని, అది కూడా పెద్దగా లేదు. విశ్వాసమ్మ ఆదివారం దాకా చూద్దాం అన్నది. సోమవారం మాట ఎత్తలేదు.

వదినకు నా నమస్కారాలు. పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
బసవన్న గారి భార్య.

తా.క. కింద రాసేది మరిచిపోయి వదిలింది కాదు. పైన రాయడానికి చెయ్యి రాలేదు.

మీరు కరువులో పంపిన ఇరవైఐదు మూటల జొన్నల్లో ఒక్క పుచ్చుగింజ లేదు. గంజి కాచే గుండిగకు పది సేర్ల నూక పొయ్యమని ఆయన చెప్పినారు. గాదె తాళంచెవి నా దగ్గర ఉండేది. జనం పెరిగి, రోజుకు ఎనిమిది గుండిగలు పది రోజుల్లో పన్నెండు అయినాయి. ఇట్లా పోస్తే వాన రాకముందే నూక అయిపోతుందని ఆయనతో అంటే, "అయిపోయిన్నాడు సూద్దాంలే" అని నవ్వేవారు. అందుకని పదకొండో రోజు నుంచి గుండిగకు రెండు సేర్లు తగ్గించి, ఆ మిగులు లోపలి గదిలో దాచినాను. అమ్ముకోవడానికి కాదు. అయినా దొంగతనంగానే చేసినాను.

ఆ తర్వాత ఒక ముసలాయన వరసలో ముంత ఎత్తి, "ఇది గంజి కాదప్పా బసవన్నా, గంజికుండ కడిగిన నీళ్ళు" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆయన ముఖం మాడిపోయింది. మీరు పక్కనే ఉన్నారు. నా వైపు తిరిగి, "గుండిగకు ఎన్ని సేర్లు పోస్తాండావు?" అని అడిగినారు. పదే అన్నాను. పది పోసినా చిక్కబడలేదంటే గింజలోనే సత్తువ లేదని ఆయన అనుకున్నారు. అంతా విసిరి నూక చేసేసినాము, చూపించడానికి మీకు ఒక్క గింజ మిగలలేదు. కరువులో కూడా పుచ్చుజొన్నలు అంటగడతావా అని అంతమంది ముందర ఆయన అంటే, మీరు నా ముఖం చూసినారు. నేను గంటె కడుక్కుంటూ తల వంచుకున్నాను. ధాన్యం వ్యాపారికి అటువంటి పేరు పడ్డాక ఆ ఊళ్ళో ఇక బతుకు ఏముంటుంది? నెల తిరక్కముందే మీరు మండీ మూసి వెళ్ళిపోయినారు.

గాదె ఖాళీ అయినాక దాచిన రెండు వందల ఎనభైఎనిమిది సేర్లూ బయటికి తీసి, మా పుట్టింటివాళ్ళు బండి మీద పంపినారని చెప్పినాను. ఆ నూక మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు వాన పడింది. ఎవరూ ఖాళీ ముంతతో పోలేదు. నేను వేసిన లెక్క సరిపోయింది. నా పుట్టింటిని ఊరంతా పొగిడింది. ఆయన కూడా.

పోయిన శుక్రవారం పొద్దున నేను పలుచని గంజి పోస్తే ఆయన నా కండ్లలోకి చూసి ఆ మాట అన్నారు. నాలుగు నెలలుగా మూడు పూటలా వింటున్న మాటే. ఆ రోజు గిన్నె కింద పెట్టి మొత్తం చెప్పేసినాను. కదలకుండా విన్నారు. మళ్ళీ గంటె ఎత్తితే పండ్లు బిగించుకున్నారు. అప్పటినుంచి ఆ ఒక్క మాట కూడా లేదు.

తంతి ఇచ్చి ఉంటే మీకు ఈరోజే చేరేది. ఊరికే రమ్మంటే మీరు రారు. ఎందుకు రమ్మంటున్నానో తంతిలో పెట్టాలంటే పోస్టుమాస్టరుకు చెప్పాలి, అంటే ఊరికంతా చెప్పినట్టే. అంత ధైర్యం నాకు ఈ పొద్దుకు కూడా రాలేదు. ఆ పిరికితనానికి ఆయన బతుకులో ఇంకో రెండు రోజులు పోతున్నాయి. ఈ కాగితం మీ దగ్గర పెట్టుకోండి. ఎవరికి చదివి వినిపించినా ఇది నా రాత కాదని నేను అనను.

ఈరక్క