మిరపనారు పాకలో బొగ్గు పొయ్యి

మల్సున్ వాళ్ళమ్మకి, ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ముందు చదువుకుని తర్వాత మిగతాది చదువు.

నువ్వు మల్సున్ పురిటికని తేగు పట్నం వెళ్ళిన మూడో రోజునే, ఏప్రిల్ నెలని కూడా చూడకుండా మంచు పడింది. మిరపనారు చచ్చిపోతుందేమోనని ప్లాస్టిక్ పాకలో రెండు బొగ్గు పొయ్యిలు రాజేసి, గాలి చొరబడకుండా పట్టా అంచులు మట్టితో కప్పాను. పైన పరచడానికి గడ్డి తెచ్చేసరికి, మా అమ్మ నాకు తెలియకుండా నారుకి కాపలాగా లోపల కూర్చుని, ఆ పొగకి తల వాల్చేసి ఉంది. పిలిస్తే పలకలేదు. పట్టా చింపి బయటికి లాగాను. గాలి తగిలి కళ్ళు తెరిచాక, బొగ్గు పొగకి విరుగుడంటారని నువ్వు దాచిన ముల్లంగి ఊరగాయ నీళ్ళు తాగించాను. గుటక దిగగానే, "పట్టా చింపావేంట్రా దద్దమ్మా! నారంతా పోయాక నేనుండి ఏం చెయ్యను?" అంది.

డాక్టరు చూసి ఫరవాలేదన్నాడు. నారు సగం వాడిపోయింది. మీ అన్నయ్య దగ్గర మిగిలితే నువ్వే అడుగు. నిరుడు ఆయన్ని అన్న మాటలకి నాకు నోరు పెగలదు. అమ్మ తలనొప్పి మాత్రలు ఎక్కడ పెట్టావు? పురిటింటికి ఇలాంటి కబురు రాయొద్దంది, రాశానని చెప్పకు.

పురుడు కానిదే బయలుదేరకు. అయ్యాక నెలరోజులుంటానన్నావే, పదిహేనుకి తగ్గించుకో. అమ్మ అడగలేదు. ఆవిడ ఎక్కడుందో చూసుకోనిదే నేను పొయ్యి ముట్టించలేకపోతున్నాను.

పురుడయ్యాక మల్సున్‌ని బాలింతలకిచ్చే సముద్రపు నాచు పులుసు కడుపునిండా తాగమను. తల్లీబిడ్డలు వెచ్చగా ఉండాలి.

దూసిక్