నిమ్మకాయ తొక్కిన బండి

ఏప్రిల్ 2006, శనివారం రాత్రి

వేసవి సెలవులకి మేమంతా వెళ్ళబోయే హైదరాబాద్ వినోదాల పార్కులో, లోపలి పెద్ద హోటల్లోనే గది ఖాయమైంది. మోకాళ్ళు పట్టేసిన అత్తయ్యగారి కోసం కొన్న బ్యాటరీ బండి కూడా ఈ రోజే వచ్చింది. మావయ్యగారు దానికి వాడపల్లి వెంకన్న కుంకుమ పెట్టి, అచ్చం కారుకి పెట్టినట్టే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అత్తయ్యగారు ఎక్కి మీట నొక్కితే బండి మూలిగింది గానీ కదల్లేదు.

"నిమ్మకాయే తొక్కలేంది అంత దూరంలో నన్నేం మోస్తుందమ్మా? మీరు వెళ్ళి వచ్చేయండి, నేనింటి దగ్గరుంటాను" అనేశారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ రాకపోతే నాకూ వెళ్ళాలని లేదు.

ఇంతలో మా రెండేళ్ళ పాప చిన్ని, వాళ్ళ నానమ్మ ఒళ్లోకెక్కి, రెండు చేతులూ వేసి మీట నొక్కేసింది. నిమ్మకాయలు చితికాయి. బండి గేటు దాటి రోడ్డెక్కింది!

మావయ్యగారు వెనకాలే పరిగెత్తుతూ, "ఎక్కడికే?" అని అరిచారు.

"చెప్పనండీ!" అన్నారు అత్తయ్యగారు, వెనక్కి చూడకుండానే. చిన్ని కేరింతలు వీధి చివరిదాకా వినిపించాయి.

పార్కులో ఆ బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుందో లేదో... అదొక్కటే బెంగ.

నేను కాపురానికొచ్చాక, అత్తయ్యగారు ఎక్కడికో చెప్పకుండా గేటు దాటడం ఇదే మొదటిసారి.