గురువు పేరు

తెనాలి, మంగళవారం

అమ్మకు, నేను కులాసా, బెంగపడకు.

ఇక్కడ సంగీతోత్సవం జరుగుతోంది. ఈ ఊరి వాద్యగాళ్లే బయటి విద్వాంసులను పిలిచి, అందరి ముందూ ప్రశ్నలడిగి మాట్లాడిస్తున్నారు. పొద్దునపూట పాఠాలూ చెప్పిస్తున్నారు. మిల్లుకు సెలవు పెట్టి డోలక్‌తో వెళ్లాను.

"గురువెవరబ్బాయ్?" అన్నాడు పాఠాలకు పేర్లు రాసుకునే పెద్దాయన.

"ఎవరూ లేరండి."

"ఎవరో ఒకరి పేరు చెప్పవయ్యా, లేకపోతే ఎట్లా కూర్చోపెట్టను?"

"అబద్ధం ఎందుకు చెప్పాలండి?" అని అరిచి వచ్చేశాను. గదిలో ఒక్కణ్ణే వాయించుకుంటున్నాను. గోడలు బాగుందనవు, బాగాలేదనవు.

చెల్లి దగ్గు తగ్గిందా? నా దుప్పటి పంపు.

మన చర్చి గుడిలో పాటలు పాడించే బర్నబాస్ మామయ్యను అడుగు, ఆయన పేరు చెప్పుకోవచ్చా అని. తాళం తప్పినప్పుడు నెత్తిన మొట్టడం తప్ప ఆయన నాకేమీ నేర్పలేదు. అదీ పాఠమేనంటే చెల్లిచేత వెంటనే రాయించు. ఆదివారంతో ఉత్సవం అయిపోతుంది.

ప్రార్థనలో నన్ను తలచుకోండి.

సీమోను