ఈల కోసం ఆగే కాళ్లు

మార్చి 3, సోమవారం
పొద్దున అయిదున్నరకే గ్రౌండ్‌లో టర్ఫ్ తడిపాను. కోన్లు పెట్టాను. కొత్త కోచ్ గారు హాకీ అమ్మాయిలకు వారం రోజులుగా ఒకటే డ్రిల్ చేయిస్తున్నారు. దాడికి పోతుండగా ఆయన ఈల వేస్తారు. అంటే బంతి అవతలివాళ్లకు పోయినట్టు లెక్క. అందరూ గిరుక్కున తిరిగి అయిదు సెకన్లలో మన గోల్ ముందుకు చేరాలి. ఇరవై సార్లు. ఆపైన స్ప్రింట్లు. మా మనవరాలు ప్రతిసారీ ముందే చేరింది.

మార్చి 5
ప్రాక్టీస్ మ్యాచ్. బంతి పోయింది. అమ్మాయిలంతా నిలబడిపోయారు. ఒక్క క్షణమే. అవతలివాళ్లకు అది చాలు. నాలుగు గోల్స్ అలాగే పడ్డాయి. మధ్యలో ఆడేది మనవరాలు కాబట్టి తిట్లన్నీ దానికే. కాళ్లలో సీసం పోశారా అని కోచ్ గారు అందరి ముందూ అడిగారు. ఆదివారం మ్యాచ్‌లో కూడా ఇంతే అయితే టీంలోంచి తీసేస్తానన్నారు.

దాని కాళ్లు బాగానే ఉన్నాయి. అది ఈల కోసం ఆగుతోంది. మ్యాచ్‌లో బంతి పోతే ఈల ఎవడు వేస్తాడు?

మార్చి 6, ఉదయం 7
కోచ్ గారికి చెబుదామని దగ్గరిదాకా వెళ్లాను. ఏంటి పెద్దాయనా అన్నారు. ఇంకాస్త నీళ్లు పట్టమంటారా అని అడిగి వచ్చేశాను.

సాయంత్రం
ఈల సంగతి మనవరాలికి చెప్పాను. నీకేం తెలుసు తాతా, పోయి పైపు చూసుకో అంది. తర్వాత ఏడ్చింది. ముద్ద ముట్టలేదు.

నేను అయిదో తరగతి, ఆయన సర్టిఫికెట్లున్న మనిషి అని మా ఆవిడతో అన్నాను. నలభై ఏళ్లుగా నీళ్ల పైపుతోనే మాట్లాడుతున్నారు, ఒక్కసారి మనిషితో మాట్లాడితే అరిగిపోతారా అంది.

మార్చి 8
చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం
మూడు సున్నాతో ఓడాం. మూడూ అలాగే. మనవరాల్ని సగంలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నా మీద నాకే ఒళ్లు మండింది.

కోచ్ గారి కారు దాకా వెళ్లాను. ఆ ఈల ఆపండి అన్నాను. అంతే వచ్చింది. ఈల వేయకపోతే బంతి పోయిందని వీళ్లకెలా తెలుస్తుందయ్యా అని అరిచారు. నేనూ అదే అడుగుతున్నానండీ అన్నాను.

ఆయన తలుపు వేసుకుని వెళ్లిపోయారు.

మార్చి 11
ఈల లేదు. కోచ్ గారు నా చేతికో స్టిక్ ఇచ్చి, వాళ్ల మధ్య తిరుగుతూ బుద్ధి పుట్టినప్పుడు బంతి లాక్కోమన్నారు. రెండు సార్లు అందరూ నిలబడి నన్నే చూశారు. మూడోసారి మనవరాలు గిరుక్కున తిరిగింది. నన్ను పడేసి మరీ గోల్ వైపు పరిగెత్తింది. నా మోచెయ్యి చెక్కుకుపోయింది.

సారీ తాతా అనడానికి కూడా ఆగలేదు.