గుటక వినిపించనీ

అమ్మకు,

నీ కూతురు రాస్తున్న ఉత్తరం. నేను క్షేమంగానే ఉన్నాను. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తానని తర్వాతి వాక్యం రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. మావయ్యకు మోకాలి వాపు తగ్గిందని రాశావు, ఆ ఒక్క కబురుకు సంతోషం.

ఫోను చెయ్యొద్దు, కాగితం మీద రాయి అన్నావు. "ఈమధ్య ఫోనులో నా గొంతు వింటే నాకే భయమేస్తోందే" అన్న నీ మాట చదివి, చేతిలోకి తీసుకున్న ఫోను పక్కన పెట్టేశాను. ఇవాళ క్లాసు ఎగ్గొట్టి, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల పట్టుకుని రాస్తున్నాను. చేతిరాత చూసి నవ్వకు. మూడేళ్ళుగా పరీక్షలకు తప్ప కలం పట్టుకోలేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. జుట్టు రాలడం తగ్గలేదు. నీళ్ళ వల్ల కాదు, ఒళ్ళు మండిపోతుండడం వల్ల. నా గదిలో ఉండే కళ్ళజోడు పిల్ల బాగానే ఉంది, ఇప్పటికీ తడి తువ్వాలు నా కుర్చీ మీదే ఆరేస్తోంది. తిడితే "సారీ" అని పాటలా పాడి మళ్ళీ అక్కడే ఆరేస్తుంది. మావయ్య అడిగినదానికి కూడా చెప్తున్నాను, చదివి వినిపించు. మావయ్యా, చెప్పుల గురించి మాట్లాడగానే ఫోనులో చెప్పుల ప్రకటన వచ్చిందని గాభరా పడకు. నువ్వు చెప్పుల కొట్టు ముందు ఎంతసేపు నిలబడ్డావో నీ జేబులో ఉన్న ఫోనుకు తెలుసు. దానికి నీ మాటలు వినాల్సిన అవసరం కూడా లేదు. నా మాట విని ఆ చెప్పులు కొనుక్కో, నీ పాతవి చూడలేకపోతున్నాం.

"నువ్వసలు ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే కంప్యూటర్లని చెప్పి తప్పించుకుంటున్నాను, సరిగ్గా చెప్పు" అని కూడా రాశావు. సరిగ్గానే చెప్తాను. ఇంటర్నెట్ టెక్నాలజీ, మార్కెటింగ్, ఇన్నోవేషన్ అని మూడు పెద్ద పేర్లు. మాకొక సారు ఉన్నాడు. నల్ల చొక్కా తప్ప ఇంకోటి వేసుకోడు, కుర్చీ ఉన్నా బల్ల మీదే కూర్చుంటాడు. మేమంతా ఇన్నోవేషన్ సారు అంటాం. మొదటి రోజే బోర్డు మీద ఇంత లావు అక్షరాలతో "నొప్పి" అని రాశాడు. "మనిషికి నొప్పి ఎక్కడుందో కనిపెట్టండి. మీ వ్యాపారం అక్కడే ఉంది" అన్నాడు. నాకు నువ్వే గుర్తొచ్చావు. నువ్వూ పొద్దున్న లేస్తే అందరినీ నొప్పి ఎక్కడుందనే కదా అడిగేది! మా అమ్మ చేసే పనినే ఇక్కడ పాఠంగా చెప్తున్నారని పొంగిపోయాను. ఎంత వెర్రిదాన్నో చూడు. నువ్వు అడిగి మందు చెప్తావు. వీళ్ళు అడిగి రాసుకుంటారు, రాసుకున్నది అమ్ముకుంటారు.

రెండో ఏడు నమ్మకం మీద పాఠం. "ఒక మనిషి మీద పదిమందికి ఉన్న నమ్మకాన్ని పదివేలమందికి పంచగలిగితే అదే ఇన్నోవేషన్" అన్నాడు. చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసినదంతా సరిగ్గా అర్థమైందో లేదో చూడు. పద్నాలుగేళ్ళుగా ఆసుపత్రి ఫోను గదిలో కూర్చుని ముసలివాళ్ళకు మాత్రలు గుర్తుచేస్తున్నావు. "వేసుకున్నానమ్మా" అంటే నమ్మవు. "ఏదీ, ఫోను గొంతు దగ్గర పెట్టు, గుటక వినిపించనీ" అంటావు. వాళ్ళు గొణుక్కుంటారు, గొణుక్కుంటూనే మింగుతారు. గుటక వినపడితే "ఊఁ, మంచివాడివి" అని ఫోను పెట్టేస్తావు. అలాంటిది, రెండు నెలలుగా ఇంకెవరో నీ గొంతుతో వాళ్ళకు ఫోన్లు చేస్తున్నారు. ముందు ఇంటికి ఒక పొడి డబ్బా వస్తుంది, వెనకాలే ఫోను. "తాతయ్యా, నేనే. ఆ మాత్రలు ఇక పక్కన పెట్టు. ఈ పొడి నీళ్ళలో కలుపుకో. ఏదీ, గుటక వినిపించనీ." నీ గొంతే. మాటకు ముందు నువ్వు దగ్గే చిన్న దగ్గు కూడా ఉందట.

మన వీధి చివర మేడ మీద ఉండే డ్రైవరు తాతయ్య మూడు వారాలు రక్తపోటు మాత్రలు మానేసి ఆ పొడి తాగాడు. మెట్ల మీద కూలబడ్డాడు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. నువ్వు చూడ్డానికి వెళ్తే ఆ ముద్ద మాటతోనే "నువ్వే కదమ్మా చెప్పావు" అన్నాడట. చిన్నప్పుడు నన్ను తన బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, హారన్ కొట్టనిచ్చిన మనిషి. ఆ వాక్యం దగ్గర నీ సిరా అలుక్కుపోయి ఉంది, ఎందుకో నాకు తెలుసు.

ఆసుపత్రివాళ్ళు నిన్ను ఫోను గదిలోంచి తీసేసి ఇంట్లో కూర్చోమన్నారు. సోమవారం విచారణ. పొడి కంపెనీ లాయరు కూడా వస్తాడు. "నా గొంతు దొంగిలించిన దరిద్రుడెవడో నీ చదువుతో కనిపెట్టవే" అన్నావు.

ఆ కంపెనీవాళ్ళను తలుచుకుంటే నాకు ఒంటికి నిప్పు పెట్టినట్టు ఉంటుంది. వాళ్ళ ఆఫీసు నేను చూశాను. గోడల నిండా నవ్వే ముసలివాళ్ళ ఫొటోలు, ఒక మూల ఉచితంగా కాఫీ, ప్రతి బల్ల మీదా చిన్న పచ్చని మొక్క. ఆ మొక్కల పక్కన కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎంతమంది గుటక వేశారో స్క్రీన్ మీద చూస్తుంటారు. గుటక వేస్తే పచ్చ చుక్క, వెయ్యకపోతే ఎర్ర చుక్క. పచ్చ చుక్కలు ఎక్కువైన రోజున కేకు కోస్తారు. సిగ్గులేని వెధవలు! వాళ్ళ ఇళ్ళల్లో ముసలివాళ్ళు లేరా?

ఆ ఆఫీసు నేనెందుకు చూశానని అడుగుతావు. ఇంక సాగదియ్యను. ఆ దరిద్రుడు ఎవడూ కాదమ్మా. నేనే.

పోయిన సెలవుల్లో నాలుగు రోజులు ఫోను గదిలో నీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, గుర్తుందా? "ఎందుకే ఈ రికార్డింగు?" అంటే "చదువుకే" అన్నాను. "ఫొటో కాదుగా, అయితే తల దువ్వుకోనక్కర్లేదు" అని నవ్వావు. కాలేజీలో పోటీ పెట్టారు. సాయంత్రమయ్యేసరికి నీ గొంతు బొంగురుపోతుంది, వేణ్ణీళ్ళు తాగుతూ కూర్చుంటావు. సగం ఫోన్లు నీ గొంతుతో మాట్లాడే యంత్రం చేస్తే నీకు తెరిపిగా ఉంటుందనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అనుకున్నానని చెప్పి తప్పించుకోవాలని లేదు, జరిగింది జరిగినట్టు చెప్తున్నానంతే. రెండేళ్ళుగా నువ్వు నాకు పంపిన "తిన్నావా, పడుకున్నావా" వాయిస్ మెసేజులన్నీ కూడా దానికి వినిపించి నేర్పించాను. పోటీ రోజు అది స్టేజీ మీద "ఏదీ, గుటక వినిపించనీ" అనగానే హాలంతా లేచి నిలబడింది. మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

ఇన్నోవేషన్ సారే కంపెనీవాళ్ళను తీసుకొచ్చాడు. "ఆరోగ్యం మీద పనిచేసేవాళ్ళు, నీ ఆలోచన వాళ్ళ చేతుల్లో పెరుగుతుంది" అన్నాడు. నాకు అక్కడ ఇంటర్న్‌షిప్ కూడా ఇప్పించాడు. నేను ఫైళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేశాను. ఒక్కో రికార్డింగుకు ఎవరి ఫోను నంబరో ఆ నంబరే పేరుగా పెట్టుకున్నాను, వెతుక్కోవడానికి తేలిగ్గా ఉంటుందని. ఇచ్చేటప్పుడు ఆ పేర్లు తీసెయ్యాలని కూడా తోచలేదు. మొదటి ఏడాది పాఠంలో ఉన్న ముక్క అది, పరీక్షలో పదికి పది తెచ్చుకున్నాను. డ్రైవరు తాతయ్య నంబరు వాళ్ళకు నా చేత్తో ఇచ్చాను.

ఇంకోటి ఉంది. గొంతు ఎవరిదో వాళ్ళు ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలన్నారు, ఆ సాయంత్రంలోగా. నీకు పంపి తెప్పించుకునే వ్యవధి లేదు. ఫోను చేసి అడిగితే ఎందుకు, ఎవరికి, ఏం చేస్తారు అని నిలదీస్తావు. నా దగ్గర జవాబులు లేవు. అందుకని నీ సంతకం నేనే పెట్టాను. ఎనిమిదో తరగతిలో మార్కుల కార్డు మీద ఒకసారి పెట్టాను, అప్పుడు కూడా ఎవరూ పట్టుకోలేదు.

నెల కిందట ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నీ గొంతు "మాత్రలు పక్కన పెట్టు" అంది. నేను నేర్పింది "మాత్ర వేసుకో" అని. నేరుగా సారు దగ్గరకు వెళ్ళాను.

"ఎమోషనల్ అవ్వకమ్మా. తయారుచేసింది నువ్వు, వాడుకునేది వాళ్ళు. కత్తి చేసినవాణ్ణి ఎవరైనా జైల్లో వేస్తారా?" అన్నాడు.

"కత్తి కాదు సార్, మా అమ్మ" అన్నాను.

"మీ అమ్మగారి సంతకం ఉంది కదా మరి?"

ఆ సంతకం పెట్టింది నేనని చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఆ నెలంతా నోరు మూసుకుని ఆఫీసుకు వెళ్ళాను, వచ్చాను, కాఫీ తాగాను. ఆ రోజే నీకు ఒక్క ఫోను కొట్టి ఉంటే తాతయ్య మాత్ర మానేవాడు కాదు. ఈ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను. ఎవరి మీదో కోపమని ఉత్తరం మొదలుపెట్టాను గానీ, నా చెంప నేను పగలగొట్టుకున్నా తీరేది కాదు.

సరే, ఇప్పుడు నీ మీద కోపం. నీ ఉత్తరం చివర, నాలుగో పేజీ అడుగున, ఇరికించి రాశావు: "మీ గొంతు రికార్డు చేసుకోవడానికి ఎవరికైనా అనుమతి ఇచ్చారా అని విచారణ కాగితంలో అడిగారు. ఎవరికీ ఇవ్వలేదని రాసి సంతకం పెట్టాను. నువ్వు సెలవుల్లో చేసుకున్న సంగతి చెప్పలేదులే. నీ చదువుకు అడ్డం రాకూడదు."

ఎన్నిసార్లు చదివానో. నీకు తెలిసిపోయింది కదూ? తెలిసే దొంగెవరో కనిపెట్టమని నన్నడిగావు కదూ? నాకు నేనుగా చెప్పాలని ఆగావు. నన్ను తిట్టొచ్చు కదా! ఇంటికి రమ్మని జుట్టు పట్టుకుని రెండు వెయ్యొచ్చు కదా! పద్నాలుగేళ్ళ ఉద్యోగం పోతుంటే, వీధంతా నిన్ను అమ్ముడుపోయినదానిలా చూస్తుంటే, నా చదువు గురించి ఆలోచిస్తావా? ఏం చదువమ్మా ఇది? మంచం మీద పడున్న మనిషి నిన్ను అలా అన్నాక కూడా నన్నే వెనకేసుకొస్తే నేనెలా బతకాలి?

విను. సోమవారం లాయరు ఆ ఒప్పుకోలు కాగితం బల్ల మీద పెడతాడు. అందులో నీ పేరు, నీ సంతకం ఉంటాయి. ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రాసిన నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. గొంతు అమ్ముకుని ఇప్పుడు బుకాయిస్తోందంటారు. అక్కడితో నీ ఉద్యోగం పోతుంది, కంపెనీ తప్పించుకుంటుంది.

అందుకని జరిగినదంతా తేదీలతో సహా ఆరు పేజీలు రాశాను. ఒక కాపీ మీ పెద్ద డాక్టరుగారికి, ఒకటి మా ప్రిన్సిపాలుకు, ఒకటి పోలీసులకు. నిన్న మధ్యాహ్నమే పంపేశాను. నీకు పంపలేదు, పంపితే పొయ్యిలో పెట్టేస్తావు. సీటు పోతుందని మా కాలేజీ గుమాస్తా చెప్పాడు. దొంగ సంతకానికి కేసు కూడా ఉంటుందట. సారు పొద్దుటి నుంచి ఆరుసార్లు ఫోను చేశాడు, ఎత్తలేదు. శనివారం బస్సుకు వస్తున్నాను. ముందు మనింటికి రాను. తాతయ్య మంచం దగ్గరకు వెళ్ళి, ఆ ఫోను చేసింది నువ్వు కాదని, ఎవరు చేయించారో నా నోటితో చెప్తాను. ఆయన ఏమన్నా పడతాను.

ఇంక నాకున్న భయం నీ గురించే. డాక్టరుగారి చేతిలో నా కాగితం ఉన్నా సరే, నువ్వు లేచి నిలబడి "అది చిన్నపిల్ల సార్, భయపడి ఏదో రాసింది, ఆ సంతకం నాదే" అంటావు. అనగలవు నువ్వు. అలా అన్నావంటే ఆ పొడి డబ్బాలు ఇంకో వీధికి వెళ్తాయి, ఇంకొకరు మెట్ల మీద పడతారు, ఆ ఫోను కూడా నీ గొంతుతోనే వెళ్తుంది. సోమవారం ఆ కాగితం చూపించి ఈ సంతకం మీదేనా అని అడిగినప్పుడు నా మొహం చూడకు. కాదని చెప్పు. ఎవరు పెట్టారని అడుగుతారు. నా కూతురు పెట్టిందని చెప్పు.

ఇట్లు,
ఆ కూతురు