లిస్టులో లేని డిస్కు

జెబెల్ అలీ,
12 నవంబర్ 1986

సమ్మవ్వకు భీమయ్య రాసేది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, పిల్లలు, బర్రె బాగున్నారని తలుస్తాను. రాత్రిబడిలో అక్షరాలు నేర్చావు కదా, ఈ ఉత్తరం నువ్వే కూడబలుక్కుని చదువు. ఎవరితోనూ చదివించకు.

"రెండు నెల్లాయె, చప్పుడే లేదేందయ్యా? గాడ నీ పని గంతగనం ఉన్నదా?" అని అడిగావు. పని చెబితే రెండో దానికే కాదు, మొదటి దానికీ జవాబు దొరుకుతుంది.

ఓడరేవు ఆఫీసులో కంప్యూటర్ గది చల్లగా ఉంటుంది. దుబాయ్ మొత్తంలో స్వెటర్ వేసుకునే కూలీని నేనొక్కణ్ణే. వివరాలన్నీ డిస్కుల్లో ఉంటాయి, ఒక్కోటి మూతపెట్టిన అన్నం గిన్నెంత. వాటిని డ్రైవులో పెట్టడం, తీయడం నా పని. ఏది వాడకంలో ఉందో తెర మీద లిస్టు వస్తుంది. అది మన ఊరి ఓటర్ల లిస్టు లాంటిది. చచ్చినవాళ్లు ఉంటారు, బతికినవాళ్లు ఉండరు.

నెల్లూరు ఇంజనీరు మీరా హుస్సేన్ సార్ దీన్ని బాగుచేయాలనుకున్నాడు. కంప్యూటర్‌ని నడిపే అసలు ప్రోగ్రాం పేరు కెర్నల్. డిస్కుల్ని తగిలించుకునేది అదే కాబట్టి లిస్టును కాదు, దాన్నే అడగాలన్నాడు. ఏది ఎక్కడుంది, ఎంత ఖాళీ ఉంది, అన్నీ అదే చెప్పాలి. ఒక డిస్కు పలక్కపోతే అడిగినవాడు బిగుసుకుపోకుండా తెలిసినంత చెప్పి పంపాలి. ఆ ప్రశ్నలు ఎలా ఉండాలా అని ఆరు నెలలు రాశాడు, కొట్టేశాడు. టీ తెస్తే నాకూ వివరించేవాడు. నేను తల ఊపేవాణ్ణి.

సెప్టెంబర్‌లో ఒక డిస్కును తన కొత్త పద్ధతిలో తగిలించాడు. అది పాత లిస్టులోకి ఎక్కదు. మర్నాడు నేను అలవాటుగా లిస్టు చూసి, లేదు కదా అని దాన్ని తీసి వేరేది పెట్టాను. సార్ డిస్కే ఇంకా ఉందనుకుని కంప్యూటర్ నేను పెట్టినదాని మీద రాసేసింది. మూడు నెలల ఓడల వివరాలు పోయాయి. ముదీర్ (మేనేజరును ఇక్కడ అలాగే పిలుస్తారు) అడిగితే లిస్టులో లేదు సాబ్ అన్నాను. సార్ నా వైపు చూసి, తన కాగితాలు సర్దుకున్నాడు. తప్పంతా ఆయన కొత్త పద్ధతిదేనని నాలుగో రోజు ఆయన వీసా రద్దుచేసి పంపేశారు. రాసిందంతా చెరిపేశారు.

నీకు చెప్పలేక ఉత్తరం మానేసిన మాట ఇదే. నేను ఆ డిస్కు తీయడానికి ముందురోజు సాయంత్రం సార్ నాతో అన్నాడు: "భీమయ్యా, రేపట్నించి ఆ లిస్టు నమ్మబాక. నా కొత్తదాన్ని అడిగి తియ్యి."

ఆ మాట ముదీర్‌కు చెప్పలేదు సమ్మవ్వా. కొలువు పోతుందని.

పోతే పోనీ అని నిన్న గడ్డం గీసుకుని వెళ్లి చెప్పాను. తప్పు నాది, సార్‌ను మళ్లీ పిలవమన్నాను. ముదీర్ తల ఎత్తలేదు.

"ఖలాస్. ఆ పని బంద్ అయింది. పో."

నన్ను తీసెయ్యను కూడా లేదు. ఇవాళ పొద్దున డ్యూటీకి వెళ్లి, లిస్టు చూసి, రెండు డిస్కులు మార్చాను.

ఇట్లు,
నీ పెనిమిటి
భీమయ్య